అధిక రక్తపోటు: వంశం నుంచి వచ్చేదెంత? మన చేతిలో ఉన్నదెంత?



ఉచిత వైద్య శిబిరాల్లో బీపీ చూసి "ఎక్కువగా ఉంది" అని చెప్పగానే సాధారణంగా రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "మా అబ్బాకూ ఉండేది, మా దాదాకూ ఉండేది. మా వంశంలోనే ఉంది, ఏం చేస్తాం!" అనేది ఒకటి. "మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకెందుకు వస్తుంది? ఇంకోసారి చూడండి" అనేది రెండోది. ఒకరు వంశాన్ని తలచుకుని ఆశ వదులుకుంటారు, మరొకరు వంశాన్ని తలచుకుని ధైర్యంగా ఉంటారు. చివరికి ఇద్దరూ మందు లేకుండానే ఇంటికి వెళ్తారు. కొన్నేళ్ల తరువాత వీరిలో కొందరు పక్షవాతంతోనో, కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ సాయం కోసమో మళ్ళీ మన తలుపు తడతారు.

అందుకే వంశపారంపర్యం అనే మాటకు వైద్యశాస్త్రంలో అసలు అర్థం ఏమిటో తెలుసుకోవడం అవసరం. మీరు ఇచ్చే ప్రతి రూపాయి ఎక్కడ ఎక్కువ మేలు చేస్తుందో నిర్ణయించుకోవడానికి కూడా ఇది పనికివస్తుంది.

రక్తపోటు అంటే

గుండె కొట్టుకున్నప్పుడు రక్తం ధమనుల గోడలపై కలిగించే ఒత్తిడి పై అంకె. రెండు కొట్టుకోవడాల మధ్య గుండె సడలినప్పుడు ఉండే ఒత్తిడి కింది అంకె. వేర్వేరు రోజుల్లో చూసినప్పుడు పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉంటే అధిక రక్తపోటు ఉన్నట్లు లెక్క. చాలామందికి నొప్పి ఉండదు, తల తిరగదు. లోపల మాత్రం మెదడు, గుండె, కిడ్నీలు, కంటి రక్తనాళాలు ఏళ్ల తరబడి దెబ్బ తింటూ ఉంటాయి.

2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో దాదాపు నలుగురిలో ఒకరికి, పురుషులలో దాదాపు పదిమందిలో ముగ్గురికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా వారు బీపీ మందు వాడుతున్నారు. దేశం మొత్తం సగటు కన్నా ఇది ఎక్కువ. అంటే ఈ సంచిక చదువుతున్న ప్రతి ఇంట్లోనూ ఒకరైనా ఉండే అవకాశం ఉంది.

ఇద్దరు వైద్యుల వాదన

బీపీ కుటుంబాల్లో నడుస్తుందని వైద్యులకు చాలా కాలంగా తెలుసు. ఎలా నడుస్తుందన్న దానిపై 1950, 60 దశకాల్లో ఇంగ్లండులో ఇద్దరు ప్రసిద్ధ వైద్యుల మధ్య పెద్ద వాదన జరిగింది. మాంచెస్టర్‌కు చెందిన రాబర్ట్ ప్లాట్, ఇది ఒకే ఒక జన్యువు వల్ల వచ్చే జబ్బు అన్నారు. ఆ జన్యువు వచ్చినవారు రోగులు, రానివారు ఆరోగ్యవంతులు అని ఆయన అభిప్రాయం. జార్జ్ పికరింగ్ దానికి ఒప్పుకోలేదు. మనుషుల ఎత్తు ఎలా పొట్టి నుంచి పొడుగు వరకు వరుసగా ఉంటుందో, బీపీ కూడా అలాగే తక్కువ నుంచి ఎక్కువ వరకు గీత లేకుండా ఉంటుందని, దాని వెనుక ఎన్నో జన్యువులు, వాటితోపాటు జీవన పరిస్థితులు ఉంటాయని ఆయన వాదించారు.

నూటికి తొంభైమందికి పైగా రోగుల విషయంలో పికరింగ్ మాటే నిజమని తరువాతి పరిశోధనలు తేల్చాయి. అయితే ప్లాట్ ఊహించినట్టు ఒకే జన్యువు వల్ల బీపీ వచ్చే కుటుంబాలు కూడా ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. అవి చాలా అరుదు. కానీ బీపీ గుట్టు విప్పింది ముఖ్యంగా ఆ అరుదైన కుటుంబాలే.

ఒకే జన్యువు కథలు

టర్కీ ఈశాన్య ప్రాంతంలో, నల్ల సముద్రం తీరాన, ఒక పెద్ద కుటుంబం ఉంది. ఆ వంశంలో కొందరికి చేతివేళ్లు పొట్టిగా ఉంటాయి. వేళ్లు పొట్టిగా ఉన్న ప్రతి ఒక్కరికీ బీపీ చాలా ఎక్కువ. వేళ్లు మామూలుగా ఉన్న వారి అన్నదమ్ములకు బీపీ మామూలే. చికిత్స లేనివారు 50 ఏళ్లు నిండకముందే పక్షవాతంతో మరణించేవారు. టర్కీ వైద్యుడు బిల్గిన్‌తురాన్ ఈ కుటుంబం గురించి 1973లో రాశారు. బెర్లిన్ పరిశోధకులు దశాబ్దాల పాటు ఆ వంశాన్ని అధ్యయనం చేసి, 2015లో దానికి కారణమైన జన్యువును ప్రకటించారు. తల్లిదండ్రులలో ఒకరి నుంచి వచ్చినా చాలు, ఈ జన్యుమార్పు పని చేస్తుంది. అంటే ప్రతి బిడ్డకూ రెండింట ఒక వంతు అవకాశం.

అమెరికాలో గ్రాంట్ లిడిల్ అనే వైద్యుడు 1963లో మరో కుటుంబం గురించి రాశారు. అందులో చిన్న వయసులోనే బీపీ తీవ్రంగా పెరిగేది, రక్తంలో పొటాషియం పడిపోయేది. ఆ కుటుంబంలో మొదట గుర్తించిన అమ్మాయికి తరువాతి కాలంలో కిడ్నీలు పూర్తిగా చెడిపోయాయి. 1989లో ఆమెకు వేరొకరి కిడ్నీ అమర్చారు. దానితో ఆమె బీపీ, పొటాషియం రెండూ మామూలు స్థితికి వచ్చాయి. 1994లో రిచర్డ్ లిఫ్టన్ బృందం దాని జన్యువును పట్టుకుంది. కిడ్నీలోని సన్నని గొట్టాల్లో ఉప్పును తిరిగి రక్తంలోకి లాక్కునే ద్వారాలు ఉంటాయి. ఈ కుటుంబంలో ఆ ద్వారాలు అవసరానికి మించి తెరుచుకుని ఉంటున్నాయి. బయటకు పోవలసిన ఉప్పు ఒంట్లోనే మిగిలిపోతోంది.

మూడో రకం ఇంకా అరుదు. మన ఒంట్లో కార్టిజోల్ అనే హార్మోన్ ఉంటుంది. కిడ్నీలో ఒక ఎంజైము దాన్ని నిర్వీర్యం చేస్తూ ఉంటుంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ ఎంజైము పని చేయదు. అప్పుడు కార్టిజోల్ వెళ్లి ఉప్పును పట్టి ఉంచమని కిడ్నీకి ఆజ్ఞ ఇస్తుంది. ఫలితంగా చిన్న పిల్లలకే తీవ్రమైన బీపీ వస్తుంది. ఈ జబ్బు రావాలంటే లోపం ఉన్న జన్యువు తల్లి నుంచీ, తండ్రి నుంచీ కూడా రావాలి. ఇక్కడ మన వంటింటికి సంబంధించిన విషయం ఒకటి ఉంది. దగ్గుకు, గొంతునొప్పికి మనం వాడే అతిమధురం, అదే ములేఠీ, ఈ ఎంజైమునే అణచివేస్తుంది. రోజూ ఎక్కువ మోతాదులో వాడితే జన్యువు బాగున్నవారికి కూడా బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది. బీపీ ఉన్నవారు అతిమధురం కషాయాలు, పొడులు నెలల తరబడి వాడకూడదు.

కిడ్నీ, ఉప్పు: అసలు సంబంధం

ఇలాంటి అరుదైన జబ్బులను ఒక్కొక్కటిగా పరిశీలించిన శాస్త్రవేత్తలకు ఒక సంగతి స్పష్టంగా కనిపించింది. వాటిలో చాలావరకు చివరికి ఒకే చోటికి చేరుతున్నాయి. అది కిడ్నీ ఉప్పును ఎంత పట్టి ఉంచుతుంది, ఎంత వదిలేస్తుంది అన్న చోటు. ఉప్పు నిలిస్తే దానితో నీరు నిలుస్తుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది.

దీనికి జంతువుల్లోనూ రుజువు ఉంది. అమెరికా శాస్త్రవేత్త లూయిస్ డాల్ 1960 దశకం తొలినాళ్లలో ఎలుకలకు ఉప్పు ఎక్కువగా ఉన్న మేత పెట్టారు. కొన్నింటికి బీపీ విపరీతంగా పెరిగింది, కొన్నింటికి దాదాపు మారలేదు. రెండు రకాలనూ వేరు చేసి పెంచితే కొద్ది తరాల్లోనే ఉప్పుకు లొంగే ఎలుకల వంశం ఒకటి, లొంగని వంశం ఒకటి ఏర్పడ్డాయి. ఒక వంశపు కిడ్నీని మరో వంశానికి అమర్చినప్పుడు బీపీ కూడా కిడ్నీ వెంటే వెళ్లింది. 1983లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో, బీపీ వల్ల కిడ్నీలు చెడిపోయిన ఆరుగురు రోగులకు బీపీ లేనివారి కిడ్నీలు అమర్చారు. ఆ తరువాత వారి బీపీ మామూలుగా మారింది.

ఈ ఎలుకల ప్రయోగంలో మనం గమనించవలసినది ఒకటి ఉంది. ఉప్పుకు లొంగే వంశంలో పుట్టిన ఎలుకకు కూడా ఉప్పు తక్కువగా పెడితే బీపీ అంతగా పెరగలేదు. వంశం నుంచి వచ్చింది బలహీనత. దాన్ని జబ్బుగా మార్చింది మేత.

మనలో ఎక్కువమందికి సంబంధించినది

ఇప్పుడు మామూలు బీపీ సంగతికి వద్దాం. కవల పిల్లలను, కుటుంబాలను పరిశీలించిన అధ్యయనాల ప్రకారం, ఒక సమాజంలో మనుషుల మధ్య బీపీలో కనిపించే తేడాలలో సుమారు 30 నుంచి 50 శాతం వంశపారంపర్యం వల్ల వస్తాయి. మిగిలినది ఆహారం, బరువు, శ్రమ, పొగాకు, మద్యం, నిద్ర, మానసిక ఒత్తిడి వంటి వాటి వల్ల.

ఆ వంశపు వాటా కూడా ఒక్క జన్యువులో లేదు. 2018లో పది లక్షల మందికి పైగా డీఎన్‌ఏను పరిశీలించిన అధ్యయనంతో, బీపీకి సంబంధం ఉన్న జన్యుస్థానాల సంఖ్య 900 దాటింది. 2024లో వచ్చిన మరో అధ్యయనం రెండు వేలకు పైగా జన్యుసంకేతాలను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం చాలా చిన్నది, సాధారణంగా ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. కానీ చుక్క చుక్క చేరితే బిందె నిండుతుంది. ఇలాంటి మార్పులు అతి ఎక్కువగా ఉన్నవారికీ, అతి తక్కువగా ఉన్నవారికీ మధ్య సగటు బీపీలో పది మిల్లీమీటర్లకు పైగా తేడా కనిపించింది.

ఈ పరిశోధనల్లో పాల్గొన్నవారిలో అత్యధికులు యూరప్ సంతతివారు. కాబట్టి ఆ లెక్కలతో తయారుచేసిన జన్యుపరీక్షలు మన వారికి అంతే కచ్చితంగా పని చేస్తాయని చెప్పలేం. "మీ జన్యువులు చూసి బీపీ వస్తుందో లేదో చెబుతాం" అనే ఖరీదైన పరీక్షలకు డబ్బు పెట్టవలసిన అవసరం మామూలు బీపీ విషయంలో లేదు. అంతకన్నా నమ్మకమైన పరీక్ష ప్రతి ఇంట్లోనూ ఉచితంగా దొరుకుతుంది. అమ్మకు, నాన్నకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు బీపీ ఉందా, ఉంటే ఏ వయసులో వచ్చింది అని అడగడమే ఆ పరీక్ష. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో చదివిన వైద్య విద్యార్థులను అయిదు దశాబ్దాలకు పైగా గమనించిన అధ్యయనంలో, తల్లిదండ్రులిద్దరికీ 55 ఏళ్లలోపే బీపీ వచ్చినవారికి, ఇద్దరికీ లేనివారితో పోలిస్తే ముప్పు సుమారు ఆరు రెట్లు ఎక్కువగా ఉంది.

వంశం అదే, చోటు మారితే?

1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనంలో 32 దేశాల్లోని 52 ప్రాంతాలలో పది వేలమందికి పైగా బీపీని, మూత్రంలోని ఉప్పును కొలిచారు. బ్రెజిల్ అడవుల్లోని యనోమామి తెగవారు ఉప్పు దాదాపు తినరు. వారిలో వయసు పెరిగినా బీపీ దాదాపు పెరగదు. "వయసుతో బీపీ రావడం సహజం" అని మనం అనుకునే మాట అందరు మనుషులకూ వర్తించదని దీనివల్ల తెలుస్తోంది.

కెన్యాలో లువో తెగవారిపై జరిగిన అధ్యయనం ఇంకా సూటిగా ఉంటుంది. పశ్చిమ కెన్యా పల్లెల నుంచి నైరోబీ నగరానికి వలస వెళ్లినవారి బీపీ, ఊళ్లోనే ఉన్న తమవారికన్నా కొద్ది నెలల్లోనే పెరిగింది. జన్యువులు నెలల్లో మారవు. మారింది ఆహారం. ఉప్పు పెరిగింది, పొటాషియం ఇచ్చే ఆహారం తగ్గింది, బరువు పెరిగింది.

మన కడప నుంచి, నిజామాబాద్ నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన సోదరులు ఈ విషయం గురించి ఆలోచించాలి. క్యాంపు గదుల్లో హోటల్ తిండి, ప్యాకెట్ తిండి, రాత్రి డ్యూటీలు, ఇంటి బెంగ. మూడేళ్లకోసారి ఇంటికి వచ్చినప్పుడు తప్ప బీపీ చూపించుకోని పరిస్థితి. పల్లెలో ఉన్నప్పుడు నిద్రపోయిన బలహీనత అక్కడ మేలుకోవచ్చు.

దగ్గరి సంబంధాల పెళ్లిళ్లు

దక్షిణ భారతంలో మేనరికాలు, దగ్గరి సంబంధాలు అన్ని మతాలవారిలోనూ ఎక్కువే. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లైన స్త్రీలలో సుమారు నలుగురిలో ఒకరు రక్తసంబంధీకులను చేసుకున్నవారు. మన ధర్మంలో మేనమామ మేనకోడలిని చేసుకోవడం నిషిద్ధం. మామూ, ఫూఫీ, చాచా, ఖాలా పిల్లల మధ్య పెళ్లి అనుమతించబడింది. అనుమతి ఉన్నదే తప్ప అలాగే చేసుకోవాలన్న ఆజ్ఞ లేదు.

ఈ పెళ్లిళ్ల వల్లనే మన సమాజంలో బీపీ ఇంత ఉందనుకోవడం సరికాదు. మామూలు బీపీకి కారణాలు పైన చెప్పినవే. కానీ తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపం వస్తేనే బయటపడే జబ్బుల విషయంలో తేడా ఉంది. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల పిల్లలు ఒకే తాత, నానమ్మల నుంచి వచ్చిన జన్యువులలో ఎనిమిదో వంతు పంచుకుంటారు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మామూలుగా పుట్టే పిల్లలలో తీవ్రమైన పుట్టుక లోపాలు నూటికి రెండు మూడు ఉంటే, దగ్గరి సంబంధాలలో నూటికి నాలుగు నుంచి ఆరు వరకు ఉంటాయి. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. కానీ ఒక ఇంట్లో ఇప్పటికే పుట్టుకతో జబ్బు ఉన్న బిడ్డ ఉంటే, లేదా పసివయసులో బీపీ, పొటాషియం లోపం, కిడ్నీ జబ్బు కనిపించి ఉంటే, అదే కుటుంబంలో ఇంకో సంబంధం కలుపుకునే ముందు జన్యు సలహా ఇచ్చే వైద్యులను కలవడం ఆ పిల్లలకు చేసే న్యాయం. ఇలాంటి ఇళ్లలో తప్పంతా కోడలి మీద వేయడం కనిపిస్తుంది. ఈ జబ్బుల్లో లోపం ఇద్దరి నుంచీ సమానంగా వస్తుంది. ఆమెను నిందించడం ధర్మం కాదు, శాస్త్రమూ కాదు.

ఎవరు వెంటనే పెద్ద డాక్టరును కలవాలి?

ఈ కింది లక్షణాలు ఉంటే మామూలు బీపీ అనుకుని ఊరుకోకూడదు.

30 ఏళ్లలోపే బీపీ వచ్చినవారు, ముఖ్యంగా సన్నగా ఉన్నవారు.

మూడు రకాల మందులు సరిగా వాడుతున్నా బీపీ అదుపులోకి రానివారు.

రక్తపరీక్షలో పొటాషియం తక్కువగా ఉన్నవారు.

కుటుంబంలో చిన్న వయసులోనే పక్షవాతం, మెదడులో రక్తస్రావం వచ్చినవారు.

తల్లికో తండ్రికో కిడ్నీల నిండా నీటితిత్తులు ఉన్నవారు. ఈ చివరి జబ్బు పైన చెప్పిన అరుదైన జబ్బులకన్నా చాలా ఎక్కువ మందిలో ఉంటుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. సాధారణ కడుపు స్కానింగుతో చాలావరకు తెలిసిపోతుంది. దీనిలో కిడ్నీలు చెడిపోకముందే బీపీ పెరుగుతుంది. అప్పుడే పట్టుకుని అదుపు చేస్తే కిడ్నీలను ఎక్కువ కాలం కాపాడుకోవచ్చు.

వంశంలో ఉంటే ఇంట్లో ఏం చేయాలి?

బ్రిటన్‌లో రెండు లక్షల డెబ్బై వేలమందికి పైగా ప్రజలపై చేసిన అధ్యయనాన్ని 2018లో ప్రచురించారు. జన్యుముప్పు తక్కువ ఉన్నవారిలోనూ, ఎక్కువ ఉన్నవారిలోనూ, మంచి ఆహారం, సరైన బరువు, వ్యాయామం పాటించినవారి బీపీ పాటించనివారికన్నా తక్కువగా ఉంది. జాగ్రత్తల ఫలితం వంశంలో బీపీ ఉన్నవారికి అందకుండా పోలేదు. మందులతో పై అంకెను పది మిల్లీమీటర్లు తగ్గించగలిగితే పక్షవాతం ముప్పు సుమారు నాలుగో వంతు తగ్గుతుంది.

ఉప్పు: పెద్దవారికి రోజుకు అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించకూడదు. ఇందులో కూరలో వేసేదే కాదు, ఆవకాయ, అప్పడాలు, ఉప్పుచేపలు, చిప్స్, బేకరీ సరుకులు, హోటల్ బిర్యానీ, హలీమ్‌లలో ఉండేది కూడా కలుపుకోవాలి. దస్తర్‌ఖాన్ మీద ఉప్పు డబ్బా పెట్టకపోవడం మంచి మొదలు. ఇంటి పెద్దకు మాత్రమే చప్పిడి కూర వేరుగా వండితే అది నాలుగు రోజుల ముచ్చటే అవుతుంది. పిల్లలకూ అదే రక్తం కాబట్టి ఇంటిల్లిపాదికీ ఉప్పు తగ్గించి వండాలి. ఆకుకూరలు, పండ్లు, పప్పులు పొటాషియం ఇస్తాయి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం పొటాషియం విషయంలో డాక్టరును అడిగే నడుచుకోవాలి. బజారులో దొరికే తక్కువ సోడియం ఉప్పుకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.

మందు: బీపీ అదుపులోకి వచ్చిందంటే మందు పని చేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. సొంతంగా ఆపకూడదు.

రంజాన్: బీపీ అదుపులో ఉన్న చాలామంది ఉపవాసం ఉండవచ్చు. అయితే నెల మొదలయ్యే ముందే డాక్టరును కలిసి, రోజుకు ఒకసారి వేసుకునే మందుగా మార్చి, ఇఫ్తార్‌కో సహరీకో వేళ నిర్ణయించుకోవాలి. మూత్రం ఎక్కువ వచ్చే మాత్రలు వాడేవారికి ఇది మరీ ముఖ్యం. ఇఫ్తార్‌లో సమోసా, మిర్చి బజ్జీల కన్నా ఖర్జూరం, పండ్లు మేలు.

కొలత: కుర్చీలో వీపు ఆనించి అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చుని, చేయి గుండె ఎత్తులో ఆనించి చూడాలి. అంతకు అరగంట ముందు చాయ్, సిగరెట్ ఉండకూడదు. రెండుసార్లు చూసి రాసుకోవాలి. వంశంలో బీపీ ఉన్నవారు 18 ఏళ్లు దాటినప్పటి నుంచి ఏడాదికి ఒకసారైనా చూపించుకోవాలి.

దాతలకు ఒక విన్నపం

అల్లాహ్ ప్రతి జబ్బుకూ మందు సృష్టించాడని, ముందు ఒంటెను కట్టి, ఆపై అల్లాహ్‌పై నమ్మకం ఉంచమని దైవప్రవక్త (స) బోధించారు. వంశంలో ఉంది కాబట్టి తఖ్‌దీర్ అని కూర్చోవడం ఒంటెను కట్టకుండా వదిలేయడమే.

డయాలసిస్ రోగికి వారానికి రెండు మూడుసార్లు ఆస్పత్రి ప్రయాణం ఉంటుంది. చికిత్స ప్రభుత్వ పథకంలో ఉచితంగా దొరికినా ఆటో కిరాయి, పోయిన కూలి, తోడు వచ్చేవారి కూలి కుటుంబాన్ని కుంగదీస్తాయి. వారికి సాయం ఆగకూడదు. కానీ అదే డబ్బులో కొంత ముందు దశలో పెడితే ఎన్నో కుటుంబాలు ఆ స్థితికి రాకుండా ఉంటాయి. సాధారణ బీపీ మాత్ర జనరిక్ షాపులో రోజుకు కొద్ది రూపాయలకే వస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, హైదరాబాద్ బస్తీ దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు. 2017లో మొదలైన జాతీయ రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ కూడా ఉంది. మందు ఉంది. కొరత ఉన్నది గుర్తించడంలోనూ, ఆపకుండా వాడించడంలోనూ.

వంశపారంపర్యం అనే మాట ఇక్కడ మనకు సాయపడుతుంది. శిబిరంలో ఒక కొత్త రోగి దొరికితే అక్కడితో ఆగకుండా, ఆ వ్యక్తి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెద్ద పిల్లలు అందరినీ పిలిపించి బీపీ చూడాలి. వెతకవలసిన చోటు వంశమే చెబుతోంది. దీనికి కావలసింది కొన్ని నమ్మకమైన భుజపట్టీ మిషన్లు, శిక్షణ పొందిన యువకులు, యువతులు, పేర్లు రాసుకునే ఒక రిజిస్టరు, నెలనెలా ఒక ఫోన్. పరదా పాటించే స్త్రీల కోసం మహిళా వాలంటీర్లు తప్పనిసరి. శుక్రవారం జుమా తరువాత మస్జిద్ ఆవరణలో పురుషులకు, మదరసాలో వేరే సమయాన స్త్రీలకు ఈ ఏర్పాటు చేయవచ్చు.

జకాత్ సొమ్ము అర్హులైన పేద రోగి చేతికి మందుల కోసం చేరాలి. మిషన్లు, శిబిరాల ఖర్చుకు సదఖా, ఇతర విరాళాలు వాడాలి. ఏది దేనికి వాడవచ్చో ఉలమాను అడిగి నిర్ణయించుకుందాం. గతించిన తల్లిదండ్రుల పేరిట సదఖ-ఎ-జారియాగా ఒక మిషను, ఒక కుటుంబం ఏడాది మందులు ఇవ్వదలచినవారు ముందుకు రావచ్చు. మీ తల్లో తండ్రో బీపీతో, పక్షవాతంతో వెళ్లిపోయి ఉంటే, ఆ దానంతోపాటు మరో పని కూడా చేయండి. ఈ వారంలోనే మీ బీపీ, మీ తోబుట్టువుల బీపీ చూపించుకోండి. వారి నుంచి మీకు వచ్చిన వారసత్వంలో ఆస్తిపాస్తులతోపాటు ఇది కూడా ఉండవచ్చు.

అల్లాహ్ మన రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక, మన దానాలను స్వీకరించుగాక, మన పిల్లలను ఆరోగ్యంతో ఉంచుగాక. ఆమీన్.